విరిగిన గంట, బాగుచేసిన గంట

రిలయబిలిటీ గ్రోత్ టెస్టింగ్‌లో తయారయ్యే పట్టిక చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఉన్నవి నాలుగు గడులే: ఏం జరిగింది, ఎన్నో గంటలో జరిగింది, అది ఏ తరగతి, ఏ లోపం. కానీ ఒక్కో గడి ఎందుకుందో అడుగుతూ పోతే, దీన్ని కట్టిన పనితనానికి ముచ్చటేస్తుంది.

కొత్త యంత్రం నమూనాను నడపడం, ఆగిపోతే కారణం వెతకడం, డిజైన్ మార్చి మళ్లీ నడపడం: ఈ పరీక్ష అంతా ఇదే. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు జె. టి. డ్యూయేన్ 1964లో ఒక విషయం ప్రచురించాడు. ఇలా దిద్దుకుంటూ పోయిన యంత్రాల మొత్తం వైఫల్యాల రేటును మొత్తం గంటలతో పోల్చి లాగ్-లాగ్ కాగితం మీద గీస్తే, దాదాపు సరళరేఖ వస్తుంది. దానికి 1974లో గణాంక శాస్త్రపు పునాది వేసినవాడు అమెరికా సైన్యపు విశ్లేషణ సంస్థ అమ్సాలో పనిచేసిన లారీ క్రో. 1981లో ఈ పద్ధతులు మిల్-హ్యాండ్‌బుక్-189 అనే సైనిక కరదీపికగా అచ్చయ్యాయి. పేరంతా గీతకే వచ్చింది. ఆ గీతను మోసేది మాత్రం పట్టిక.

ఊహించిన ఒక పంపు నమూనాతో ఈ పట్టికను నింపి చూద్దాం. 15వ గంటలో కప్లింగ్ బోల్టు వదులైంది. లాక్ వాషర్ వేసి అప్పుడే సరిచేశారు. వరుసలో ఎఫ్, అంటే ఫెయిల్యూర్, తరగతి బీసీ, లోపం 1. పరీక్ష సాగుతుండగానే దిద్దేవన్నీ బీసీలు. 60వ గంటలో ప్రెషర్ గేజ్ పోయింది. అది బయట కొన్నది, డిజైన్ మార్చే ఉద్దేశం లేదు. కొత్తది బిగించి ముందుకు సాగారు. దిద్దే ఉద్దేశం లేని ఇలాంటివి ‘ఏ’ (A) అనే తరగతి. 110లో సీలు కారింది. కొత్త సీలు గీసి చేయించాలంటే సమయం పడుతుంది కాబట్టి దిద్దుబాటు తర్వాతికి పడింది: బీడీ1. 240లో బేరింగ్ వేడెక్కి పట్టేసింది: బీడీ2. 330లో అదే సీలు మళ్లీ కారింది. మళ్లీ బీడీ1 అనే రాయాలి. 400 దగ్గర మొదటి దశ ముగిసిందని పీహెచ్ వరుస.

ఇక్కడే ఐ అనే వరుస వస్తుంది. దిద్దుబాటు యంత్రంలోకి ఎక్కిన గంట అది. కొత్త సీలు 400 దగ్గర బిగించారు: ఐ, బీడీ1. కొత్త బేరింగ్ ఆలస్యంగా వచ్చింది, రెండో దశ మధ్యలో 760 దగ్గర ఎక్కింది: ఐ, బీడీ2. చిట్టాలో అప్పు ఒకనాటి పద్దు, తీర్చడం ఇంకోనాటి పద్దు. ఇచ్చిన మాట జమ కింద రాదు. ఇదీ అంతే. డ్రాయింగ్ ఆమోదం పొందిన రోజు, సమావేశంలో ఒప్పుకున్న రోజు ఇందులో లెక్కకు రావు. బేరింగ్ మార్పును 760కి బదులు 400 దగ్గరే రాసేస్తే, పాత బేరింగ్‌తో నడిచిన 360 గంటల ఘనత కొత్త బేరింగ్ ఖాతాలో పడుతుంది.

దశ మారినా గడియారం సున్నాకు రాదు; రెండో దశ 400 నుంచే మొదలై మన ఉదాహరణలో 1000 దగ్గర ముగుస్తుంది. రెండు నమూనాలు ఒకేసారి నడుస్తుంటే ఇంకో జాగ్రత్త ఉంది. ఒకటి ఆగిన క్షణాన రెండోది ఎన్ని గంటలు నడిచిందో కూడా రాసుకోవాలి, ఎందుకంటే లెక్కకు కావలసింది రెండింటి మొత్తం.

రెండో దశలో 520 దగ్గర హోస్ క్లాంపు జారింది. బిగింపు మార్చారు, బీసీ2. 700 దగ్గర కంట్రోల్ బోర్డు పోయింది, బీడీ3. 910 దగ్గర సీలు మళ్లీ కారింది. మొత్తం 1000 గంటల్లో ఎనిమిది వైఫల్యాలు, సగటున 125 గంటలకొకటి. క్రో ప్రాథమిక సూత్రంలో వేస్తే, పరీక్ష ముగిసేనాటికి వైఫల్యాల మధ్య సగటు ఎడం సుమారు 201 గంటలు. యంత్రం మెరుగవుతోందన్నమాట.

170వ గంటలో ఇంకొకటి జరిగింది. బిగించినవాడు వైరు తప్పుగా కలపడంతో పంపు ఆగింది. డిజైన్ తప్పు కాదు కాబట్టి క్యూ, అంటే క్వాలిటీ సమస్య. దాన్నీ లెక్కలోకి తీసుకుంటే 201 కాస్తా 181 అవుతుంది. రిలయాసాఫ్ట్ ఆర్‌జీఏ వంటి సాఫ్ట్‌వేర్‌లో అలాంటి వరుసను కలపవచ్చు, పక్కన పెట్టవచ్చు. వద్దనుకున్న వరుసకు ఎక్స్ గుర్తుంది. రెండు విధాలా ఆ వరుస పట్టికలోనే ఉంటుంది. లెక్క నచ్చనివాడు మళ్లీ కలిపి చూసుకోవచ్చు. తీర్పును మార్చుకునే వీలుంచి, సాక్ష్యాన్ని మాత్రం చెరగనివ్వని ఈ ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది.

తరగతుల విభజన వల్ల భవిష్యత్తు అంచనా కూడా నిజాయితీగా వస్తుంది. బీడీ లోపం దిద్దగానే దాని బాధ పూర్తిగా తీరిందని క్రో విస్తరించిన గణిత నమూనా ఒప్పుకోదు. ఒక్కో దిద్దుబాటుకు ఒక ప్రభావ గుణకం ఇవ్వాలి, 0.7 అంటే ఆ లోపపు రేటులో 70 శాతం తగ్గిందని, 30 శాతం మిగిలిందని. పైగా ఇంకా బయటపడని లోపాలకూ అందులో చోటుంది. కొత్త బీడీ లోపాలు ఏ వేగంతో తొలిసారి కనిపిస్తున్నాయో చూసి, ఆ భారాన్ని అంచనాలో కలుపుతారు. అందుకే ప్రతి లోపం మొదటిసారి కనిపించిన గంటకు అంత విలువ.

దీన్నిబట్టి 910వ గంట వరుసను మళ్లీ చూడండి. కొత్త సీలు ఎక్కి 510 గంటలైంది. ఇది వేరే రకం కారడమని బీడీ4 అని రాసేస్తే సమావేశం సాఫీగా ముగుస్తుంది. సీలు దిద్దుబాటు గెలిచినట్టు కనిపిస్తుంది, లేని కొత్త లోపం ఒకటి లెక్కలో చేరుతుంది. పంపు విప్పి, సీలు పెదవి అరిగిన తీరును 110, 330 నాటి ముక్కల పక్కన పెట్టి, ఒకే అరుగుదల అని తేల్చుకుంటేనే బీడీ1 అని రాయగలరు. ఆ వరుసతో సీలు గుణకం కిందికి దిగుతుంది, అంచనా తగ్గుతుంది. సూత్రం క్రోదే, లెక్క కంప్యూటరుదే. కానీ పాత లోపాన్ని పాత పేరుతోనే రాయడం మాత్రం పంపు విప్పిన ఇంజనీరు చేతిలో ఉంది. పట్టిక మొత్తం ఆధారపడేది దానిమీదే.