ఇసుకలో మడి కట్టే పిల్లలు

భావనపాడు తీరాన ఇసుక మీద చెంబెడు నీళ్లు పోస్తే, చెంబు పక్కన పెట్టేలోపే తడి ఇంకిపోతుంది. నల్లరేగడిలో ఒక తడి ఇస్తే రోజుల తరబడి ఆగుతుంది. ఇక్కడ ఎండాకాలంలో ఒక పూట ఆగితే గొప్ప. పైగా సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది, లేత ఆకుల అంచులు మాడిపోతాయి. నౌపడ ఉప్పు మళ్లు ఎంతో దూరంలో లేవు. ఉప్పు పండే నేల దాపునే కొత్తిమీర పండించాలనుకోవడం చిన్న కోరిక కాదు. సంతబొమ్మాళి మండలంలోని ఈ మత్స్యకారుల ఊరి లాంటి చోట బడిపిల్లలు ఒక జట్టుగా చేరి కూరతోట వేసి, పండిందంతా పదిమందికీ పంచాలంటే ఉత్సాహం ఒక్కటే చాలదు, చేతిలో పనితనం ఉండాలి. నేను మెచ్చుకోదలచింది ఆ పనితనాన్నే.

బడితోట కొత్త ఆలోచనేమీ కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ముందుంచిన బునియాదీ చదువులో చేతిపనికే పెద్దపీట, తోటపని అందులో ఒకటి. 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ మొదలుపెట్టిన జాతీయ హరిత దళంతో బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. 2019లో కేంద్ర విద్యాశాఖ బడుల్లో పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం లేకపోతే కుండీల్లోనైనా పెంచమంది. ఉత్తర్వులు అక్కడితో ఆగుతాయి. ఆ తర్వాతదంతా పార పట్టినవాళ్ల సంగతి.

ముందు లెక్క. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు తలా 50 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల వాళ్లకు 75 గ్రాముల కూరగాయలు పెట్టాలి. వంద మంది చిన్నపిల్లలున్న బడికి రోజుకు 5 కిలోలు కావాలి. తోట రోజూ ఇంత ఇస్తుందని చెప్పడం పిల్లల నెత్తిన మోయలేని బరువు పెట్టడమే. వారంలో ఒక రోజు మాత్రం పప్పులోకి ఆకుకూర తోటదే కావాలని పట్టుపట్టొచ్చు. తోటకూర బాగా వస్తే చదరపు మీటరుకు కిలో పైమాటే, ఇసుక కాబట్టి కిలోనే అనుకుందాం. అంటే 5 చదరపు మీటర్ల మడి వంద మందికి ఒక పూట కూర. విత్తిన నాలుగైదు వారాలకు కోతకొస్తుంది. ఇలాంటి మళ్లు ఐదు కట్టి సోమవారానికో మడి విత్తుకుంటూ పోతే, మొదటి మడి కోతకొచ్చాక ఇక ఏ వారమూ ఖాళీ పోదు. కోసిన మడిని మళ్లీ సిద్ధం చేసి విత్తేస్తారు. అంతా కలిపి 25 చదరపు మీటర్లు. నడవడానికి దారులు వదిలినా సెంటు నేలలో సరిపోతుంది. రాష్ట్రంలో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో రైతులు 20 సెంట్లలో రకరకాల కూరలు ఇలాగే దఫదఫాలుగా వేసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతిలో డబ్బు ఆడేలా చూసుకుంటున్నారు. దానికి ఏటీఎం నమూనా అని పేరు. 1910లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో మేరీ క్రోమర్ అనే ఉపాధ్యాయురాలు ఆడపిల్లలతో టమాటా సంఘం పెట్టినప్పుడు ఒక్కొక్కరి వంతుకు ఎకరంలో పదో భాగం, అంటే పది సెంట్లు. మన పిల్లలకు అంత నేల అక్కర్లేదు. వరుస తప్పకుండా విత్తే సోమవారాలు కావాలి.

ఇక మడి. బరువు నేలలో నీరు నిలిచి వేరు కుళ్లకుండా మడిని ఎత్తు చేస్తారు. ఇసుకలో ఆ పని చేస్తే పోసిన నీరంతా పక్కలకు జారిపోతుంది. అందుకని ఇక్కడ మడి నేలమట్టానికి జానెడు కిందికి దిగాలి. తవ్విన గుంట అడుగున కొబ్బరి డొక్కలు పరుస్తారు. వాటిని బోర్లించకూడదు, గుంట భాగం పైకి ఉండేలా వెల్లకిలా పెట్టాలి. పైనుంచి దిగే నీటిని డొక్క పట్టుకుని, పీచులో దాచుకుని, వేరుకు కొద్దికొద్దిగా ఇస్తుంది. కొబ్బరితోటల వాళ్లు చెట్ల మొదళ్ల చుట్టూ కందకాల్లో డొక్కలు పాతేది ఇందుకే. ఉత్తరాన కొబ్బరితోటల ఉద్దానం ఉంది, దాని అంచున పుట్టిన పిల్లలకు ఇది ఒకరు నేర్పాల్సిన విద్య కాదు, ఇంట్లో చూసిందే. డొక్కల మీద చెరువు ఒండ్రు, బాగా చివికిన పేడ, ఏడాది పాటు వానకు తడిసి ఉప్పూ వగరూ కడుక్కుపోయిన కొబ్బరి పొట్టు వేసి, తవ్వితీసిన ఇసుకతో కలుపుతారు. పచ్చి పొట్టు వేస్తే మొలకలు పసుపెక్కిపోతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. అన్నిటి పైనా సరుగుడు రాలుటాకు కప్పితే మధ్యాహ్నపు ఎండ నేరుగా మట్టిని తాకదు. మంచి మడిని నేను వేలితో పరీక్షిస్తాను. రెండు కణుపుల లోతున వేలు చల్లగా తగిలితే, కట్టినవాళ్లకు పని తెలిసినట్టే.

నీటి సంగతి ఇంకా సున్నితం. తీరపు ఇసుక కింద వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, తేలిక కాబట్టి. సముద్రమట్టం కంటే ఆ మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మందాన ఉంటుందని శాస్త్రం లెక్క. మోటారు పెట్టి ఒకే చోట గుంజితే ఉప్పునీరు పైకి తన్నుకొస్తుంది. చేదతో తోడుకుంటే రాదు. చీరాల, బాపట్ల తీరంలో రైతులు ఇసుకలో లోతు తక్కువ గుంతలు తవ్వి, దొరువులని పిలుస్తూ, కడవలతో నారుమళ్లకు నీళ్లు పోసింది ఈ ఎరుకతోనే. బాపట్లలోని పరిశోధన కేంద్రం ఆ దొరువునే ఆధారం చేసుకుని, నేలలో అడ్డంగా చిల్లుల గొట్టాలు వేసి మంచినీటిని పైపైనే రాబట్టే పద్ధతిని రూపొందించింది. బడి నుయ్యి దగ్గర పిల్లలు చేదతో తోడి, బిందెలు అందుకుంటూ వరుసలో పోయడం చూసేవాళ్లకు చాకిరీలా కనిపిస్తుంది. ఆ నేలకు సరిపోయే వేగం మాత్రం అదే. తీగజాతి పాదులకైతే మధ్యలో మట్టికుండ పాతి మూత పెడతారు. కాల్చిన కుండ గోడలోంచి నీరు వేరుకు కావలసినంతే ఊరుతుంది. రెండు వేల ఏళ్ల నాటి చైనా వ్యవసాయ గ్రంథంలోనూ ఈ కుండ ఉంది. 1970లలో కర్నాల్‌లోని లవణ నేలల పరిశోధన సంస్థ దీన్ని పరీక్షించి చూసింది. సెలవు రోజుల్లో బడి లేకపోయినా ఆనపపాదు వాడకుండా నిలబెట్టేది ఆ కుండే.

ఎక్కడ ఏది వేయాలో కూడా ఉప్పే చెబుతుంది. పాలకూర ఉప్పును బాగా ఓర్చుకుంటుంది, గంగవల్లి కూర ఇంకా నయం. చిక్కుళ్లు అంతగా ఓర్వవు. కాబట్టి సముద్రం వైపు వరుసలో పాలకూర, గాలి మరుగున చిక్కుళ్లు. ఆ మరుగు ఇచ్చేది సరుగుడు. దాని ఎత్తుకు పది రెట్ల దూరం వరకు గాలి విసురు తగ్గుతుంది. ఇక భావనపాడుకే సొంతమని చెప్పదగ్గది వల. చేపలకు పనికిరాని చిరుగు వలలే పందిరి, మేకలకు అడ్డుగా కంచె, కోళ్లకు తెర. పందిరి కట్టేటప్పుడు ఈ పిల్లల వేళ్లు చూడాలి. ముడి బిగుస్తుంది, లాగినకొద్దీ ఇంకా బిగుస్తుంది, కావాలంటే ఒక్క చివర పట్టి విప్పేయొచ్చు. ఊళ్లో పడవల పక్కన కూర్చుని నేర్చిన ముడి బీరతీగకు పనికొస్తోంది. రేవులో మిగిలే చేప వ్యర్థాలను ఉప్పు పోయేలా కడిగి, సమాన బరువు బెల్లంతో జాడీలో మాగబెట్టి, వడకట్టి నీళ్లలో బాగా పలచన చేసి ఆకుల మీద చల్లుతారు. బలమైన ఎరువు. జాడీ మూత తీసినప్పటి వాసనకు మాత్రం అలవాటు పడాలి.

అక్టోబరు ఈ తోటకు గండం. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస తీరాన తిత్లీ. పొడుగ్గా పాకే తీగలను జూన్‌లోనే నాటి సెప్టెంబరు చివరికల్లా కాపు తీసేసుకోవాలి. వంగ, రామ్ములక్కాయ (టమాటా) నారు మాత్రం తుఫాను రోజులు దాటాకే మళ్లలోకి దింపాలి. దసరా సెలవులు కూడా సుమారుగా అప్పుడే రావడం మేలే అయింది.

సెలవులు కలిసొచ్చినా, బడి వేళలతో చిక్కు ఉంది. బీరపువ్వు, ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పటికి బడి గంట కొట్టేసి ఉంటుంది. గుమ్మడిపువ్వు తెల్లారకముందే విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది, అప్పటికి బడి తెరవరు. గాలి జోరుగా ఉన్న రోజుల్లో రాత్రి పురుగులు, తేనెటీగలు సరిగా రావు, పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. అందుకని బడికి దగ్గర ఇళ్లున్న పిల్లలకు ఒక పని అప్పగిస్తారు. సాయంత్రం మగపువ్వు ఒకటి కోసి, రేకులు ఒలిచేసి, పుప్పొడి ఉన్న కాడను ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయడం. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక, రేకుల కిందే బుల్లి పిందె ఉంటుంది. రాసిన పువ్వుకు దారం కడతారు. నాలుగు రోజులకు దారం ఉన్న పిందె బొద్దుగా నిలబడితే, కట్టినవాళ్ల ముఖాలు చూడాల్సిందే. జీవశాస్త్రం పాఠంలో పరాగ సంపర్కం ఒక పేరాలో ముగిసిపోతుంది. ఇక్కడ దానికి ఒక సాయంత్రం పడుతుంది.

పంచడంలోని నేర్పు కోతలో ఉంది. "ఏటే అమ్మీ, మొదలంటా కోసీసినావు, రేపేటి తింతావు?" అని ఏ అవ్వయినా అడుగుతుంది. తోటకూరను వేళ్లతో సహా పీకకుండా రెండు మూడు కణుపులు వదిలి కోస్తే, కోసిన చోటి నుంచి రెండు కొమ్మలు వస్తాయి. పై చిగురు ఉన్నంతకాలం అది కింది మొగ్గల్ని లేవనివ్వదు, దాన్ని తీసేస్తేనే అవి లేస్తాయి. గోగుకూర, బచ్చలి, తులసి, పుదీనా అన్నీ ఇంతే. చిగురు తుంచి ఇస్తుంటేనే గుబురుగా పెరుగుతాయి. బెండకాయలు రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కాయ ముదిరి నిలిచినా మొక్క పూత తగ్గించేస్తుంది. ఇలా తోట తనంతట తానే పంచమని తొందరపెడుతుంది. వాటా సంగతిలో జట్టు పెట్టుకునే క్రమం నాకు నచ్చుతుంది. ముందు బడి వంటగది, తర్వాత ఆ వారం నీళ్లు పోసినవాళ్ల ఇళ్లు, మిగిలింది వీధిలో అడిగినవాళ్లకు. కరివేపాకు, వామాకు, పుదీనా లాంటివి ఎవరు ఎప్పుడు వచ్చినా కాదనరు. రొట్టెలో తినడానికి రెండాకులు, దగ్గుకు నాలుగాకులు, అంతకుమించి ఎవరు అడుగుతారు?

ఒక్క చోట మాత్రం ఇవ్వడానికి ముందు ఆగి అడగాలి. భావనపాడుకు ఉత్తరాన ఉన్న ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఇళ్లకు ఇళ్లను కుంగదీస్తోంది. ఎంతమంది పరిశోధించినా కారణం ఇదేనని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పిన ఇంటికి మునగాకు, పాలకూర, రామ్ములక్కాయలు కట్టకట్టి ఇస్తే అది ప్రేమే కావచ్చు, మేలు మాత్రం కాదు. ఆ ఇంటికి ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ నయం. ఏ కూరైనా సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఎంత తినాలన్నది డాక్టరు మాటే. పన్నెండేళ్ల పిల్ల గడపలో నిలబడి "మామ్మా, తాతకి ఏ కూర వద్దన్నారు?" అని అడిగి ఇవ్వడం నేర్చుకుంటే, నా దృష్టిలో అది తోటపని అంతటిలోనూ ఎత్తైన మెట్టు.

చివరిది విత్తనం. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో నడపడం మొదలుపెట్టిన పచ్చసాలెలో పిల్లలు పాఠాలతోపాటు సేద్యం, వడ్రంగం, కుండల పని, మందు మొక్కలు నేర్చుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు తమ విత్తనాలు తామే దాచుకునే సంప్రదాయం ఆ బడికి అండ. తీరంలోనూ ఆ పని చేయవచ్చు. పందిరి మీద మంచి ఆనపకాయను ఒకదాన్ని ఎంచి, దారం కట్టి, అది ఎండి గింజలు గలగలలాడేదాకా ఎవరూ ముట్టకుండా కాపాడాలి. రామ్ములక్కాయ గింజలను గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియబెట్టి కడిగితే పైపొర పోయి బాగా మొలుస్తాయి. కరివేప గింజ ఎండితే మొలవదు, పండు పండగానే నాటాలి. ధనియాలను రెండుగా నలిపి చల్లాలి. ఎండిన గింజలను బూడిదలో కలిపి సీసాలో పోస్తారు. సీసా మీద అంటించే చీటీలో రకం పేరు, ఎవరింటి నుంచి వచ్చింది, ఎప్పుడు విత్తారు, ఎప్పుడు కోశారు, అక్టోబరు గాలికి తట్టుకుందా లేదా అన్నవి ఉండాలి. చివరి గడి నింపని చీటీ ఈ ఊళ్లో సగం చీటీ.

ఏప్రిల్ చివర్లో బడి మూసేస్తారు, జూన్ 12కు కానీ తెరవరు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే రెండూ దాదాపు ఒకే కాలం. పడవలు ఒడ్డున, నాన్నలూ అన్నలూ ఇళ్లలో. వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లోనే కరివేప, మునగ, దొండపాదులకు సాయంత్రం ఒక్కో బిందె పోసే వంతులు వేసుకోవచ్చు. ఆకుకూర మళ్లను మాత్రం రాలుటాకు కప్పి వదిలేయాలి. బడి తెరిచిన మొదటి సోమవారం ఆరో తరగతికి కొత్తగా వచ్చినవాళ్ల చేత తోటకూర విత్తనం ఇసుకలో కలిపి చల్లించాలి. ఒత్తుగా పడిందా పలుచగా పడిందా అన్నది వారం తర్వాత మొలకలే వాళ్లకు చూపిస్తాయి. అప్పటిదాకా పాత పిల్లలు పక్కన నిలబడాలి, చెయ్యి పెట్టకూడదు.