ఫ్లాష్‌బ్యాక్ లేని దెయ్యం

మన సినిమా దెయ్యానికి ఇంటర్వెల్ తర్వాత ఒక ఫ్లాష్‌బ్యాక్ తప్పనిసరి. ‘అరుంధతి’ దగ్గర్నుంచి నిన్నమొన్నటి హారర్ కామెడీల దాకా దాదాపు అదే వరస. ఫస్టాఫ్‌లో తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, ఖాళీ ఉయ్యాల ఊగుతుంది, పనిమనిషి కెవ్వుమంటుంది. సెకండాఫ్‌లో ఎవరు ఎవరికి ఏ అన్యాయం చేశారో తెలుస్తుంది. తెలిసిన క్షణాన భయం దిగిపోయి, దాని చోట జాలో కోపమో వచ్చి కూర్చుంటుంది. అక్కణ్నుంచి నడిచేది హారర్ కాదు, పంచాయితీ.

ఆ ఫ్లాష్‌బ్యాక్ తీసేస్తే భయం ఏమవుతుంది? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్న వీడియో గేములు కొన్ని ఉన్నాయి. పాతకాలపు బొమ్మలు, ముతక శబ్దాలు, ఒకరిద్దరు మనుషులు చేసిన పని. కాల్చడం, నరకడం పెద్దగా ఉండవు. తిరగడమే ఆట. వాటన్నిటికీ పెద్దదిక్కులాంటిది ‘యుమె నిక్కి’. 2004 జూన్‌లో జపాన్‌లో ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టారు. చేసినవారు కికియామా అన్న మారుపేరుతో ఉన్న ఒక్కరే. ఆడో మగో, ఏ ఊరో లోకానికి ఇప్పటికీ తెలియదు.

గేమ్‌లో మదోత్సుకి అనే అమ్మాయి ఉంటుంది. ఒక గది, మంచం, డైరీ, బాల్కనీ, టీవీకి తగిలించిన గేమ్ పెట్టె. ఆ పెట్టెలో పైనుంచి పడే వంకాయల్ని గెంతి పట్టుకునే చిన్న ఆట కూడా ఉంది. దానికీ అర్థం లేదు. గది తలుపు దగ్గరికి తీసుకెళ్లి బయటికి పొమ్మంటే అమ్మాయి తల అడ్డంగా ఊపుతుంది. ఎందుకు పోదో చెప్పదు. చేయగలిగింది పడుకోవడమే. పడుకుంటే కల. కలలో పన్నెండు తలుపుల నడిమండపం. ఒక్కో తలుపు వెనక ఒక్కో లోకం, వాటిలోంచి ఇంకా లోపలికి దారులు. మాటలు లేవు, ప్రాణాల లెక్క లేదు, మ్యాపు లేదు. ‘ఎఫెక్టులు’ అని 24 దొరుకుతాయి: గొడుగు, సైకిలు, కత్తి, పిల్లి రూపం. చాలావాటితో ఒరిగేదేమీ లేదు. చాలనుకుంటే ఒక మీట నొక్కాలి; అమ్మాయి తన బుగ్గ తానే గిల్లుకుని లేస్తుంది.

మొదటిసారి ఆడేవాళ్లకు ముందు కలిగేది భయం కాదు, విసుగు. ఇది దాచాల్సిన విషయం కాదు. అరగంట నడిచినా ఏమీ జరగదు. లోకాలు చాలావరకు చుట్టుకుని ఉంటాయి: తూర్పుగా నడుస్తూ పోతే పడమటి నుంచి బయల్దేరిన చోటికే వస్తారు. గుర్తుపెట్టుకోవడానికి మూలా అంచూ దొరకవు. సంగీతం కొన్ని సెకన్ల ముక్క, అదే తిరిగి తిరిగి మోగుతుంది. నా లెక్కలో ఈ విసుగే ఆటలోని అసలు పనితనం. ఏదో దూకుతుందని ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్న మనిషి అరగంటకు సడలిపోతాడు. తన ఆలోచనల్లో తాను పడతాడు. అప్పుడు కనిపించే చిన్న మార్పు, మీద పడే రాక్షసుడి కన్నా లోతుగా దిగుతుంది.

ఆ చిన్న మార్పుల్లో పేరుమోసింది ఉబోవా. ఒక కల లోపలి కలలో పోనికో అనే పిల్ల ఇల్లుంది. గోడకి లైటు స్విచ్. ఆర్పితే చీకటి, వేస్తే వెలుతురు. కానీ ఆర్పిన ప్రతిసారీ 64లో ఒక వంతు అవకాశం పొంచి ఉంటుంది. అది తగిలితే పిల్ల ఉండదు. తెల్లటి, వంకర తిరిగిన ముఖంలాంటిదేదో ఆమె చోట నిలబడి ఉంటుంది, గది నిండా హోరు. అది వెంటపడదు. మీరే దగ్గరికెళ్లి తాకితే, బయటికి దారి లేని చోటుకి పంపుతుంది. మామూలుగా బుగ్గ గిల్లుకుని లేవాల్సిందే.

ఈ 64 అంకెలో తెలివంతా ఉంది. లెక్క వేస్తే, 64 సార్లు లైటు ఆర్పినా మూడింట ఒక వంతుకు పైగా మనుషులకు అది కనిపించదు. కాబట్టి ఒకే ఆట ఆడిన ఇద్దరి అనుభవం ఒకటి కాదు. ఒకరు చూశానంటారు, ఇంకొకరు అలాంటిదేమీ లేదంటారు. దెయ్యం కథలు ఊళ్లలో బతికేది ఇలాగే కదా. తెలియకుండా తగిలినవాళ్లకు మొదట పుట్టే ప్రశ్న ‘అదేంటి?’ కాదు, ‘నేనేం చేశాను?’ అన్నది. చేసిందల్లా స్విచ్ నొక్కడం. చేయని తప్పుకి తప్పు చేసినట్టు అనిపించడం ఏ దూకుడు సన్నివేశమూ ఇవ్వలేని భయం.

ఇక బొమ్మల సంగతి. యుమె నిక్కిని ఆర్‌పీజీ మేకర్ 2003 అనే సాఫ్ట్‌వేర్‌తో చేశారు. వీరుడు, ఊరు, యుద్ధం ఉండే గేములు సొంతంగా చేసుకోవడానికి పుట్టిన పనిముట్టు అది. తెర 320 పిక్సెళ్ల వెడల్పు, 240 ఎత్తు. అంత చోటులో ముఖానికి దక్కేవి కొన్ని చుక్కలే. కన్ను మూస్తే చుక్క, తెరిస్తే చుక్క. మిగతాది ఆడేవాళ్ల బుర్ర గీసుకోవాలి.

త్రీడీ హారర్‌లోనూ ఇదే జరిగింది, కాకపోతే అక్కడ మొదట గత్యంతరం లేక జరిగింది. 1994 డిసెంబర్లో జపాన్‌లో వచ్చిన తొలి ప్లేస్టేషన్‌లో అసలు మెమరీ 2 మెగాబైట్లు, బొమ్మల కోసం ఇంకో 1 మెగాబైటు. తెర మీద మూలలు గీసేటప్పుడు దశాంశాలు దానికి పట్టవు. గోడ మూల ఏదో ఒక పూర్తి పిక్సెల్ మీదే పడాలి, సగంలో నిలవలేదు. కెమెరా కదిలితే మూలలు ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి గెంతుతాయి, గోడ వణికినట్టుంటుంది. దూరం దగ్గర చూసుకోకుండా నేల మీద రంగు అతికిస్తుంది కాబట్టి దగ్గరికెళ్లే కొద్దీ పలకలు వంగుతాయి. దూరంలో ఉన్నవన్నీ గీసే ఓపిక లేదు. అందుకే 1999లో ‘సైలెంట్ హిల్’ చేసినవాళ్లు ఊరంతటినీ పొగమంచులో ముంచేశారు. రాక్షసుడు దగ్గరపడితే జేబులో రేడియో గరగరమంటుంది, ఎటునుంచో కనిపించదు. యంత్రం చేతకానితనం ఊరి స్వభావమైపోయింది.

ఇప్పుడు ఫోనుకే ఆ ప్లేస్టేషన్ కన్నా వేల రెట్ల బలముంది. అయినా కొత్తతరం గేములవాళ్లు పనిగట్టుకుని ఆ వణుకు, ఆ వంకర, ఆ మంచు తిరిగి తెస్తున్నారు. 2020లో ‘హాంటెడ్ పీఎస్1 డెమో డిస్క్’ పేరుతో, పాత మ్యాగజీన్లతో ఉచితంగా వచ్చే సీడీల తరహాలో, అలాంటి గేముల నమూనాలను ఒక సంకలనంగా తెచ్చారు. చిన్ననాటి జ్ఞాపకాల మీద బేరమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మన ఇళ్లలో తొంభైల్లో ప్లేస్టేషన్ ఉన్నవాళ్లెందరు? మనకు తెలిసింది క్యాసెట్ పెట్టే నకిలీ గేమ్ పెట్టెలు, మారియో, కాంట్రా. వణికే త్రీడీ గోడలతో బాల్యం గడపని తెలుగు కుర్రాళ్లకు కూడా ఆ గోడలు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. కన్ను దేన్నీ స్థిరంగా పట్టుకోలేకపోవడమే దానికి కారణం. అది గోడేనా, నీడేనా అన్న అనుమానం తెర ఆరేదాకా తీరదు.

ఈ పద్ధతిని చివరిదాకా లాగిన గేమ్ 2022లో వచ్చిన ‘ఐరన్ లంగ్’. చేసింది డేవిడ్ షిమాన్‌స్కీ. ఎక్కడో ఒక చందమామ మీద రక్తపు సముద్రం, అందులో తుప్పుపట్టిన జలాంతర్గామి, లోపల మీరు. కిటికీ మూసేశారు. చేతిలో మ్యాపు, అంకెలు. బయటేముందో చూడాలంటే బటన్ నొక్కాలి; ముందున్న కెమెరా మసక ఫొటో ఒకటి తీసిపెడుతుంది. అంతే, చలనచిత్రం లేదు. ఫొటో తెరమీద తేలేలోపు గడిచే ఆ కొద్దిసేపే ఆట మొత్తం. గంటలో అయిపోతుంది, ఎక్కువ కూడా ఉండకూడదు. దీనికి ముందు, 2016లో, కిట్టీ హారర్‌షో అన్న పేరుతో గేములు చేసేవారు తెచ్చిన ‘అనాటమీ’ ఇంకా పొదుపు: ఒక చీకటి ఇల్లు, గదుల్లో దొరికే టేపు క్యాసెట్లు, ఇంటిని శరీరంతో పోల్చి మాట్లాడే గొంతు. గేమ్ తనంతట తానే మూసుకుంటుంది; మళ్లీ తెరిస్తే ఇల్లు మారి ఉంటుంది. అది ఆడాక మా వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు నాకు కొత్తగా వినిపించింది.

నకిలీలూ తక్కువేం లేవు. వీడియో క్యాసెట్ గీతలు, మసక రంగులు పూసి, నడవా చివర ఒక అరుపు పెట్టేస్తే పాతకాలపు హారర్ అయిపోయిందనుకుంటారు. అందులో యూట్యూబ్ తప్పు కొంత ఉంది. థంబ్‌నెయిల్‌కి నోరు తెరిచిన మొహం కావాలి. తెలుగులోనూ దెయ్యం గేములాడుతూ కేకలు పెట్టే లైవ్‌లకు లోటు లేదు. మన పిల్లలు విరగబడి ఆడిన ‘గ్రానీ’ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది: కర్ర పట్టుకున్న ముసలావిడ వెంటపడుతుంది, అరుస్తాం, నవ్వుతాం. దాని సరదా దానిది. యుమె నిక్కి ఆడుతున్నవాళ్ల ముఖం కెమెరాలో పెట్టి ప్రయోజనం లేదు. భయపడుతున్న మనిషి అక్కడ ఊరికే కూర్చుని కనిపిస్తాడు.

2018 ఫిబ్రవరిలో దాన్నే త్రీడీలో కొత్తగా చేసి ‘డ్రీమ్ డైరీ’ పేరుతో అమ్మారు. గెంతడాలు, పజిళ్లు, వెంటపడటాలు చేర్చారు. ఎప్పుడేం చేయాలో ఆటే చెప్పేసరికి పాత అభిమానులు ఉసూరుమన్నారు. తప్పు బొమ్మల్లో లేదు. కల అనేది ఒక పని పూర్తిచేయమని అడగకూడదు.

మాటలు లేని ఆటకి ఆడినవాళ్లు రాసిన వివరణలు మాత్రం కుప్పలు. ఆ అమ్మాయికి ప్రమాదంలో ఎవరో పోయారని కొందరు, బడిలో వేధించారని కొందరు, ఇంట్లోనే ఏదో జరిగిందని కొందరు. 24 ఎఫెక్టులూ తెచ్చి నడిమండపంలో వదిలేశాక బాల్కనీలో మెట్లు కనిపిస్తాయి. ఆ తర్వాత జరిగేది ఇక్కడ చెప్పను గానీ, అది చూసినవాళ్లకు కారణం వెతకాలనిపించడం సహజమే. ఎంత తిప్పినా ఆ సిద్ధాంతాలన్నీ మన సెకండాఫ్ ఫ్లాష్‌బ్యాకులే. కికియామా రాయనిది మనం రాసుకుని ఊపిరి పీల్చుకుంటున్నాం.

నాకు నచ్చిన స్పందన వేరే ఉంది. 2007లో జపాన్ అభిమానులు కొందరు ఈ గేమ్‌కి తామే కొనసాగింపు మొదలుపెట్టారు. కథేమిటో తేల్చడానికి పూనుకోలేదు. ఎవరికి తోచిన కల వారు గీసి, ఇంకొకరి కలకి దారి కలిపారు. మూలం కన్నా అది ఇప్పుడెంతో పెద్దది, ఇంకా పెరుగుతూనే ఉంది. దాన్ని బ్రౌజర్లో తెరిచి పదిమంది ఒకేసారి తిరిగే ఏర్పాటు కూడా ఉంది. ఆడి చూడాలనుకుంటే మాత్రం ముందు మూలం దగ్గరికే వెళ్లండి. స్టీమ్‌లో 2018 నుంచి ఉచితంగానే దొరుకుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, సిద్ధాంతాలేవీ చదవకండి, లైటు స్విచ్ కనిపిస్తే మీ ఇష్టం.