ఊరి హద్దు గీసేదెవరు? నగర విభజన చరిత్రను బస్తర్ నుంచి చదివితే

కార్ల్ నైటింగేల్ అనే అమెరికన్ చరిత్రకారుడు 2012లో 'సెగ్రిగేషన్: ఎ గ్లోబల్ హిస్టరీ ఆఫ్ డివైడెడ్ సిటీస్' అనే పుస్తకం వెలువరించాడు. ఒంటి రంగును బట్టి నగరాలను రెండుగా చీల్చిన చరిత్ర ఇది. చికాగో, జొహానెస్‌బర్గ్‌ల గురించి విస్తారంగా రాసినా, రంగు పేరుతో అధికారికంగా పట్నాన్ని విడగొట్టిన మొదటి తావుగా ఆయన 1700 నాటి మద్రాసునే చూపిస్తాడు. కోట లోపల తెల్లవారి పట్నం, కోట బయట తమిళులూ తెలుగువారూ బతికిన నల్లవారి పట్నం. మన పాఠకులు ఈ పుస్తకాన్ని పట్టించుకోవడానికి ఇదొక్కటి చాలు.

గోడల వెనుక మూడు చేతులున్నాయని నైటింగేల్ వాదన. ఒకటి ప్రభుత్వం. రెండు, ఒక దేశపు పద్ధతిని మరో దేశానికి మోసుకెళ్లే నిపుణుల బృందం. మూడు, భూమి వ్యాపారం. ఈ వాదన బలమైనది. 1910లో బాల్టిమోర్ నగరం నల్లవారి వీధులు వేరు, తెల్లవారి వీధులు వేరు అని చట్టం చేసింది. 1917లో అమెరికా సుప్రీంకోర్టు అటువంటి చట్టాలు చెల్లవన్నది. అయినా విభజన ఆగలేదు. నల్లవారికి అమ్మరాదనే షరతును ఇళ్ల దస్తావేజుల్లోనే రాసుకున్నారు. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదన్న తీర్పు 1948 దాకా రాలేదు. ప్రభుత్వం చేయి తీసినా భూమి వ్యాపారం చేయి ఉంటుందనడానికి ఇదే రుజువు.

అయితే పుస్తకం ప్రధానంగా రంగును చూస్తుంది. మద్రాసు నల్లవారి పట్నంలోనే కుడిచేతి కులాల వీధులు, ఎడమచేతి కులాల వీధులు వేరుగా ఉండేవి. 1707లో ఆ వీధుల కోసమే పెద్ద తగాదా జరిగింది. వాటికి బయట పరచేరి. ఇంగ్లీషువాడు రాకముందే మన పల్లెకు ఊరు, వాడ అనే హద్దు ఉంది. దాన్ని గీయడానికి ఏ ఇంజనీరూ అవసరం కాలేదు. కాబట్టి నైటింగేల్ చెప్పిన మూడు చేతులకు మనం నాలుగోది కలపాలి. అది కులం.

ఈ నాలుగు చేతులతో బస్తర్‌ను చదవండి. బైలాడిలా కొండల్లో 1968లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైంది. కిరండూల్, బచేలి టౌన్‌షిప్‌లు వెలిశాయి. లోపల క్వార్టర్లు, ఆసుపత్రి, బడి. ఖనిజం కొత్తవలస మీదుగా విశాఖ రేవుకు పోతుంది. కొండ కింద ఆదివాసీ ఊళ్లకు మిగిలింది ఎర్రబారిన శంకిని నది.

2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక బీజాపూర్, దంతెవాడ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది మందిని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. ఇదీ అరువు తెచ్చుకున్న పద్ధతే. 1950లో మలయాలో బ్రిటిష్‌వారు 'కొత్త గ్రామాలు' కట్టారు, 1962లో దక్షిణ వియత్నాంలో 'వ్యూహాత్మక పల్లెలు' వచ్చాయి, 1967లో మన మిజో కొండల్లోనే ఊళ్లను కలిపి రోడ్ల పక్కకు తెచ్చారు. నైటింగేల్ చెప్పిన రెండో చేయి ఇది. కాని ఒక తేడా ఉంది. బాల్టిమోర్‌లో నల్లవారిని లోపలికి రానీయకుండా గీత గీశారు. బస్తర్‌లో ఉన్నవారిని వారి నేల మీద నుంచే బయటికి తీసుకొచ్చారు. నగర చరిత్రలు సాధారణంగా చూడని విభజన ఇది.

2011 జూలై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌ల ధర్మాసనం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. గొప్ప తీర్పే. కాని తుపాకీ లాక్కున్నంత మాత్రాన పొలం తిరిగి రాదు. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(1)(ఎం) అక్రమంగా తరిమివేయబడినవారికి పునరావాస హక్కు ఇస్తుంది. అయితే దానికి గడువు 2005 డిసెంబర్ 13. జుడుం మొదలై ఆరు నెలలకే ఆ గడువు ముగిసింది. ఆ తర్వాత ఊరు వదిలినవారికి ఈ సెక్షన్ అక్షరం అక్కరకు రాదు. గోదావరి దాటి మన వైపు వచ్చిన గొత్తికోయల గతీ అంతే. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ వారి గుడిసెలను కూల్చింది. అక్కడ ఊరు లేదు, ఇక్కడ నీడ లేదు.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. 1942 జూలైలో నాగపూర్ మహాసభ అంటరాని ప్రజలకు ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానించింది కదా? 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబ్ అదే అడిగారు కదా? అదీ విభజనే కాదా? కాదు. బాబాసాహెబ్ అడిగిన ఊళ్లలో భూమి ఉంది, సాగు ఉంది, గ్రామస్తుల ఇష్టం ఉంది. భూస్వామి కొలువు నుంచి బయటపడే దారి అది. శిబిరంలో ఆ మూడూ లేవు. వేరుగా ఉండటమే అన్యాయం కాదు. ఎక్కడ ఉండాలో ఇంకొకడు తేల్చడం అన్యాయం, తేల్చి నేలను లాక్కోవడం మరింత అన్యాయం.

కాబట్టి మన సంఘాలు చేయగల పని స్పష్టం. శిబిరం నుంచైనా, తెలంగాణ అడవి నుంచైనా ఊరికి తిరిగి పోదలచినవారికి ఆ 2005 గడువును పొడిగించాలని పార్లమెంటును అడగాలి. ఉన్నచోటే ఉండదలచినవారిని ఖాళీ చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వాన్ని అడగాలి. రెండిట్లో ఏది కావాలో వారి గ్రామసభే చెప్పాలి. నైటింగేల్ పుస్తకం చదివి మూసేవారు ఈ చివరి మాటను తెరిచే ఉంచుకోవాలి.