బసవన్న ఫోటోలో మనిషి ఎక్కడ?

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. ఆ దారి ఎప్పుడూ తొక్కనివాళ్లకు కూడా అక్కడి బసవన్న ఫోటో తెలుసు. క్యాలెండర్ల మీద, పర్యాటక పోస్టర్ల మీద, ఆఫీసు గోడల మీద కనిపించేది దాదాపు ఒకే చిత్రం. 1964లో మొదలైన నంది అవార్డులకు ఆ పేరు వచ్చింది ఈయన వల్లనే. 2022లో ఈ బసవన్న, వీరభద్రాలయం కలిసి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాక ఆ ఫోటో ఇంకా ఎక్కువగా తిరుగుతోంది. మా బడిలోనూ ఒకటి ఉంది. చరిత్ర పాఠానికి దాన్ని చూపిస్తాం గాని, ఫోటోగా అది ఎట్లా ఉందని పిల్లల్ని అడగం. అడగాలని మా అభిప్రాయం.

పక్కనుంచి తీసిన ఫోటో అది. బసవన్న నట్టనడుమ, మూతి ఒక అంచుకు, తోక ఇంకో అంచుకు దాదాపు తగిలేటట్టు ఉంటాడు. కింద పచ్చగడ్డి, పైన మబ్బు లేని ఆకాశం. మనిషన్నవాడు లేడు. ఒకే రాతిలో చెక్కిన ఈ విగ్రహం సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఫోటోలో ఆ సంగతే తెలియదు. లేపాక్షికి వెళ్లని ఆరో తరగతి పిల్లల్ని ఎంత ఎత్తుంటుందని అడిగితే, "మా ఇంటి ఎద్దంత" అన్నారు. తప్పు పిల్లలది కాదు. పక్కన పోల్చుకోవడానికి ఏదీ లేనప్పుడు కొండయినా గులకరాయి లాగే కనిపిస్తుంది.

వెలుగు సంగతి ఇంకా అన్యాయం. మిట్టమధ్యాహ్నం తీసినట్టుంది. వీపు తెల్లగా పాలిపోయింది, గడ్డం కింద అంతా నల్లటి మడుగు. మెడలోని గంటలు, హారాలు ఆ మడుగులో మునిగిపోయాయి. ధర్మవరం అంగడిలో పట్టుచీర చూపించేవాళ్లను గమనించండి. జరీని దీపం కింద చదునుగా పరిచి వదిలేయరు. మడత పట్టుకుని కొంచెం వాలుస్తారు, అప్పుడు అంచు మెరుస్తుంది. రాతికీ అంతే. పొద్దున ఏడు గంటల ఎండ ఏటవాలుగా పడితే ప్రతి గంటకూ దాని నీడ దానికి వస్తుంది, చెక్కినవాడి ఉలి ఎంత లోతు దిగిందో కనిపిస్తుంది. పన్నెండు గంటలకు పోయి ఆ చేతిపనిని తుడిచేసి రావడమెందుకు?

ఈ పక్కవాటు కోణం మనకు కొత్తది కాదు. ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు వేసింది 1909లో. థర్స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి రాసుకున్నవాడు. ఆ కాలపు మానవశాస్త్ర ఫోటోల్లో మనలాంటివాళ్లను ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయడం వాడుక. కొలతకూ గుర్తింపుకూ అది సరిపోతుంది. ఎదుటివాళ్లతో మాట కలిపే చూపు మాత్రం కాదు. బసవన్న ఫోటో తీసినవాళ్లు థర్స్టన్‌ను చదివి ఉండరు, ఆ చూపు మాత్రం అలవాటుగా మిగిలిపోయింది.

ఈ మధ్య ఇంకో రకం ఫోటోలు వస్తున్నాయి. బసవన్న ముందు ఫేటియా, కాంచళి, టుక్రి వేసుకున్న మా సుగాలి అమ్మాయిని నిలబెడతారు. మనిషి వచ్చింది, కొలత కుదిరింది. అంతవరకు మెచ్చుకోవాలి. అయితే వెలుగును రాతికి సరిచేసుకుంటారు, అమ్మాయికి కాదు. అద్దాలు తళతళ మెరుస్తాయి, టుక్రి నీడలో ముఖం మసిముద్ద అయిపోతుంది. కింద 'లేపాక్షి నంది' అని రాస్తారు. బసవన్నకు పేరుంది, ఆమెకు లేదు. ఆమె అక్కడ రంగు కోసం ఉంది, రాతి మెడలో గంటలున్నట్టే. ఆ పిల్లను నాలుగడుగులు పక్కకు రమ్మని, ముఖాన వెలుతురు పడేలా తిరగమంటే పోయేదేమీ లేదు. కాకపోతే మాట్లాడాలి, పేరు అడగాలి.

గుడి లోపలికి వెళ్తే ఇంకో విషయం. పెనుకొండ నుంచి విజయనగర కొలువు చేసిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు 16వ శతాబ్దంలో కట్టించిన ఆ గుడి పైకప్పు మీద కిరాతార్జునీయం రంగుల్లో ఉంది. అడవిపంది వేట, వేటగాడి రూపంలో శివుడు. కిరాతకమంటే క్రూరత్వమని రాసుకున్న మన తెలుగులో, ఆ కిరాతుడే దేవుడుగా ఉన్నాడు చూడండి. అయినా పోస్టర్లకు ఎక్కేది బయటి బసవన్నే. ఆరుబయట ఎండ తేరగా దొరుకుతుంది. లోపలి మసక వెలుతురులో తీయాలంటే కెమెరాను కదలకుండా నిలబెట్టాలి, ఓపిక పట్టాలి. ఫ్లాష్ వేసి తీసినవాటిలో నడిమధ్య తెల్లటి మచ్చ, చుట్టూ వెలిసిన గోడ, అంతే.

మన పిల్లల చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి. లేపాక్షి వెళ్లిన ప్రతి ఒక్కరూ పోస్టర్‌లోని ఫోటోనే మళ్లీ తీసుకొస్తున్నారు. పోయిన ఏడు పదో తరగతి అమ్మాయి ఒకతె వేరేగా తీసింది. సాయంత్రం ఎండ. బసవన్న మొత్తం లేడు, మెడ నుంచి ముందుకాలి దాకానే ఉన్నాడు. కాలి దగ్గర గడ్డి కోసి మోపు కడుతున్న ఒక ఆమె తలెత్తి చూస్తోంది. నేల కాస్త వాలిపోయింది, బసవన్న చెవి తెగిపోయింది, మోపు మసకబారింది. ఈ తప్పులన్నీ క్లాసులో చెప్పాం. గంటలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు, ఆమె ముఖం స్పష్టంగా ఉంది. ఆమె పేరేమిటని మేము అడిగేలోపే ఆ అమ్మాయి చెప్పింది. ఫోటో అచ్చు తీయించి, వెనక ఆ పేరూ తేదీ రాయించాం.