చేట నేర్పిన చూపు

సూదిలో దారం ఎక్కించాలంటే మా అమ్మమ్మ నన్ను పిలవాల్సిందే. అదే అమ్మమ్మ చేట ముందేసుకుని కూర్చుంటే, నేను రెండుసార్లు చూసి ఏమీ లేవన్న బియ్యంలోంచి మూడు తెల్లరాళ్లు తీసి వాకిట్లోకి విసిరేది. కంటి పదునే కారణమైతే అవి ముందు నాకే దొరకాలి కదా!

ఈ పనిలో కంటికంటే ముందు చేతులు దిగుతాయి. మేదరి అల్లిన చేటకు మెంతులు, కాగితాలు నానబెట్టి రుబ్బిన ముద్ద అలికి సందులు పూడ్చేవారు. చెరిగితే ఊకా తాలూ ఎగిరి ముందుకు పోతాయి. చేటను పక్కలకు కదుపుతూ నేమితే బరువైన బెడ్డలు విడిగా చేరతాయి. ఆపైన గింజ మీద గింజ లేకుండా పలచగా పరిచి, కాసిని కాసిని వేళ్లతో పక్కకు జరుపుతూ ఏరాలి. వెతకాల్సిన చోటును అంత చిన్నది చేసి కంటికి అప్పగించడమే ఇందులోని అసలు విద్య అని నా నమ్మకం. కూర్చునేది కూడా వసారా అంచున. ఏటవాలు వెలుగులో రాయి పక్కన పిసరంత నీడ పడుతుంది. ఇంతా చేశాక, పొయ్యి మీద పెట్టేముందు నీళ్లలో గాలించడం ఉండనే ఉంది.

నల్లరాయి ఎవరికైనా కనబడుతుంది. రంగు ఒక్కటే తేడా అయితే చుట్టూ ఎన్ని ఉన్నా వెతికే సమయం పెద్దగా పెరగదని, రెండు లక్షణాలు కలిపి పోల్చుకోవాల్సి వస్తే ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలని 1980లో మనస్తత్వ శాస్త్రవేత్తలు యాన్ ట్రీస్మన్, గ్యారీ జెలాడ్ వివరించారు. బియ్యంలో కలిసిపోయే తెల్లరాయితోనే చిక్కంతా. మెరుపూ చూడాలి, అంచూ చూడాలి.

అమ్మమ్మకు అదీ ఇట్టే కంటికి తగిలేది. ఎందుకో చెప్పే ప్రయోగం ఒకటుంది: 1977లో వాల్టర్ ష్నైడర్, రిచర్డ్ షిఫ్రిన్ మనుషులచేత అక్షరాలు వెతికించారు. వెతకాల్సినవి ఎప్పుడూ అవే అయితే, వేలసార్లు చేశాక అవే చూపును లాక్కుంటాయి. ఒకసారి వెతికింది మరోసారి వదిలేయాల్సినదైతే ఎంత సాధన చేసినా ఆ వేగం రాదు. చేటలో రాయి ఏనాడూ గింజ కాదు. ఏళ్ల తరబడి రోజూ అదే వేట! అయితే ఆ నేర్పు చేట దాటి పోలేదు; పోయిన తాళంచెవి కోసం అమ్మమ్మా మాలాగే ఇల్లంతా తిరిగేది.

ఇప్పుడు సార్టెక్స్ యంత్రం కెమెరాతో గింజగింజా చూసి, తేడా ఉన్నదాన్ని గాలి ఊది తోసేస్తుంది. మిగిలిన ఏ ఒక్క రాయో మాత్రం పంటి కిందికే వస్తుంది. అరుదుగా ఉండేది చూపుకు ఎంతగా జారిపోతుందో జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో పరీక్షించింది. వెతికే వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు 7 శాతం సార్లు జారిపోయింది. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు. అరుదైనదాన్ని లేదనేసుకోవడానికి మనం తొందరపడతాం.

ఒక్క రాయీ దొరకని రోజున అమ్మమ్మ లేచేది కాదు. చేటను అటుది ఇటు తిప్పుకుని, మొదటి నుంచీ మళ్లీ చూసేది.