అన్నా డీవియర్ స్మిత్ ‘నోట్స్ ఫ్రమ్ ది ఫీల్డ్’ : వాచికాభినయం, ప్రజాసంవాదం

అమెరికా నల్లజాతి రంగస్థల కళాకారిణి అన్నా డీవియర్ స్మిత్ ప్రదర్శనలను ‘ఏకపాత్రాభినయం’ అనడానికి తెలుగు విమర్శకుడు సహజంగానే మొగ్గుచూపుతాడు. ఆ మాట ఇక్కడ పొసగదు. తెలుగునాట ఏకపాత్రాభినయంలో నటుడు దుర్యోధనుడో, అల్లూరి సీతారామరాజో అయి చివరిదాకా ఆ పాత్రలోనే నిలుస్తాడు. స్మిత్ ఒక్కతే వేదికపై పదిహేనుకు పైగా వ్యక్తులుగా మారుతుంది. బుర్రకథకుడితో పోలిక కొంత దగ్గరిదే. అయితే బుర్రకథలో ఎన్ని పాత్రలు వచ్చి వెళ్ళినా కథకుడి సొంత గొంతు కథను నడిపిస్తుంది. స్మిత్ రచనలో ఆ గొంతు వినిపించదు. వినిపించేవన్నీ ఇతరుల మాటలే.

ఆమె పద్ధతి సుప్రసిద్ధం. 1991 నాటి క్రౌన్ హైట్స్ ఘర్షణలపై ‘ఫైర్స్ ఇన్ ది మిర్రర్’, రాడ్నీ కింగ్ కేసు తీర్పు అనంతర అల్లర్లపై ‘ట్వైలైట్: లాస్ ఏంజెలెస్, 1992’ ఆ పద్ధతిలోనే రూపొందాయి. సంఘటనతో సంబంధం ఉన్నవారిని కలిసి, వారి మాటలను రికార్డు చేసి, వాటినే యథాతథంగా వేదికపై పలుకుతుంది. 2015లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ రెపర్టరీ థియేటర్‌లో మొదలైన ‘నోట్స్ ఫ్రమ్ ది ఫీల్డ్’ కోసం ఆమె సుమారు 250 మందితో మాట్లాడింది. పేద పిల్లలను, ముఖ్యంగా నల్లజాతి పిల్లలను, బడి నుంచి జైలుకు చేర్చే దారి ఈ రచనకు వస్తువు. ఆ తొలి ప్రదర్శన ఉపశీర్షికలో ఉన్న ‘డూయింగ్ టైమ్’ అనే పదబంధానికి జైలుశిక్ష అనుభవించడమని అర్థం. దానిని విద్యతో జతచేయడంలోనే వ్యంగ్యమంతా ఉంది. ఇంగ్లీషులో రెండు మాటలను కలిపి సాధించిన ఈ వ్యంగ్యం తెలుగులో ‘శిక్ష’ అనే ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

ఈ వస్తువు ఊహాజనితం కాదు. 2014లో అమెరికా విద్యాశాఖ వెలువరించిన గణాంకాల ప్రకారం ప్రీస్కూలు పిల్లల్లో నల్లజాతివారు 18 శాతం కాగా, ఒకటికి మించిన పర్యాయాలు సస్పెండైన పిల్లల్లో వారు 48 శాతం. బడిలోనే ఇంకా సరిగా అడుగుపెట్టని వయసు అది! ఆనాటికి జైళ్ళలో 20 లక్షలకు పైగా మనుషులున్న దేశంలో ఆ వరుస ఎక్కడ మొదలవుతుందో ఈ అంకెలు చూపుతాయి.

ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనే చతుర్విధాభినయాలలో స్మిత్ బలమంతా వాచికంలో ఉంది. ఆహార్యం నామమాత్రం. ఒక కోటు మారుతుంది, ఒక టోపీ వస్తుంది. ఆమె శ్రద్ధ మాట మీద కంటె మాట తెగిన చోటు మీద ఎక్కువ. తడబాటు, నసుగుడు, ఊతపదం, సగంలో ఆగిన వాక్యం, వీటిని సవరించకుండా నిలుపుతుంది. 2015 అక్టోబరులో సౌత్ కరోలినాలోని ఒక హైస్కూలు తరగతి గదిలో పోలీసు అధికారి ఒక విద్యార్థినిని కుర్చీతో సహా పడదోసి ఈడ్చాడు. దానికి అడ్డుచెప్పిన తోటి విద్యార్థిని కూడా అరెస్టయింది. తరువాతి ప్రదర్శనల్లో చేరిన ఆ రెండో అమ్మాయి మాటల్లో ఉపన్యాసం లేదు. పెద్దలెవరూ కదలనప్పుడు తానెందుకు లేచిందో ఇంకా తనకు తానే చెప్పుకుంటున్న పిల్ల గొంతు ఉంది. ఫ్రెడ్డీ గ్రే అంత్యక్రియల సభలో మతాచార్యుని ప్రసంగం దీనికి భిన్నం. అది ముందే తీర్చిదిద్దిన వక్తృత్వం కనుక, స్మిత్ దానిని ఎంత సమర్థంగా అనుకరించినా అనుకరణగానే మిగులుతుంది. గ్రే మరణించిన బాల్టిమోర్ ఆమె పుట్టిన ఊరన్న సంగతి ఈ ఘట్టానికి కొంత ఆర్ద్రతనిస్తుంది, అంతే.

విమర్శకు అసలు తావిచ్చేది రెండో అంకం. బర్క్‌లీలో ఆ అంకానికి నటి లేదు. ప్రేక్షకులను చిన్న చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కో బృందానికి ఒక సమన్వయకర్తను ఇచ్చి, చూసినదానిపై మాట్లాడించారు. ఆపై అందరూ తిరిగివచ్చి ముగింపు చూశారు. కరుణరసం పరిపాకానికి వచ్చే వేళ ఇది బుద్ధిపూర్వకమైన రసభంగం. కన్నీటితో బరువు దించుకుని ఇంటికి వెళ్ళే వీలును ప్రేక్షకుడికి లేకుండా చేయడమే దీని ఉద్దేశం. ఆ మేరకు ఇది సాహసమే. అగస్తో బోల్ ఫోరమ్ థియేటర్‌లో ప్రేక్షకుడు వేదికనెక్కి కథనే మారుస్తాడు. ఇక్కడ కథ చెక్కుచెదరదు, దాని గురించిన మాట మాత్రమే సాగుతుంది. పైగా ఆ మాట టిక్కెట్టు కొని వచ్చినవారి మధ్యనే. మేరీలాండ్ జైలులో ఉన్న స్త్రీ మాటలు మొదటి అంకంలో వినిపిస్తాయి కాని, రెండో అంకపు సంవాదంలో ఆమెకు కుర్చీ లేదు. ఈ లోటును రచన ఎక్కడా ఒప్పుకోకపోవడం దాని ప్రధానమైన బలహీనత.

జైలు గోడకు ఇవతలి నుంచి మాట్లాడే కళకూ, అవతలి నుంచి వచ్చే కళకూ ఉన్న తేడా ఇదే. న్యూజెర్సీలోని ఫెయిర్టన్ ఫెడరల్ జైలులో జెస్సీ క్రైమ్స్ 39 దుప్పట్లపై, తలకు రాసుకునే జెల్‌తో పత్రికా చిత్రాలను అద్ది ఒక మహాచిత్రం చేశాడు. ఒక్కొక్క దుప్పటినీ బయటికి పంపుతూ పోయాడు. విడుదలయ్యేదాకా తన చిత్రాన్ని తానే మొత్తంగా చూడలేకపోయాడు. తెలుగులో వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు ఈ చర్చలో గుర్తుచేసుకోదగినవి. రాజకీయ ఖైదీగా వెళ్ళిన ఆయన తన గాథను పక్కనపెట్టి సాధారణ ఖైదీలను కథావస్తువు చేశాడు. స్మిత్‌లాగే ఆయనా ఇతరుల బతుకును వినిపించినవాడే. అయితే ఆయన విన్నది అదే గోడల మధ్య ఉండి.

ముగింపులో స్మిత్ పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ అవుతుంది. 1961లో రాక్‌హిల్ బస్ స్టేషన్‌లో ఆయనను కొట్టినవాడు 2009లో కొడుకును వెంటబెట్టుకుని వచ్చి క్షమాపణ కోరిన ఉదంతం అది. బర్క్‌లీ తరహా ప్రదర్శన చూసినవాడు ఈ శాంతరసానికి తోటివారితో వాదించి, విభేదించి చేరుకుంటాడు. 2018లో హెచ్‌బీఓ ప్రసారం చేసిన చలనచిత్ర రూపంలో ఆ రెండో అంకానికి చోటు లేదు. అక్కడ ప్రేక్షకుడు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండానే క్షమాపణ దగ్గరికి వచ్చేస్తాడు.