బ్యానరు మీది యోగి

జనవరి 19న పీణ్య పారిశ్రామికవాడలో బస్సు కోసం నిలబడి ఉండగా ‘మహాయోగి వేమన జయంతి’ అని కన్నడంలో రాసిన బ్యానరు కనిపించింది. కర్ణాటక ప్రభుత్వం అధికారికంగా జరిపే జయంతుల్లో అదొకటి. ఆ సాయంత్రమే, షిఫ్టు ముగిశాక, తెలుగువాళ్ళం పదిమందిమి ఒక మిత్రుడి ఇంట్లో చేరి వేమన గురించి మాట్లాడుకున్నాం. విగ్రహపూజను వెక్కిరించాడన్నాం, కులాన్ని కడిగేశాడన్నాం, దొంగగురువుల గుట్టు విప్పాడన్నాం. బయట బ్యానరు మీదున్న ‘యోగి’ అన్న మాట లోపల ఒక్కరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

చివరికి మాట వాదంలోకి దిగింది. వేమనను మనకిచ్చింది దొరలేనని ఒక పెద్దాయన అన్నారు. మన దేవుళ్ళను తిట్టించడానికే దొరలు వేమనను ఎత్తుకున్నారని ఒక కుర్రవాడు అన్నాడు. రెండూ సగం సగం మాటలే.

మైసూరు సీమలో చాలాకాలం ఉన్న ఫ్రెంచి కాథలిక్ పాదిరి అబే దుబ్వా తన గ్రంథంలో వేమనను ప్రస్తావించాడు. అది చూసి 1824లో మచిలీపట్నంలో ఉద్యోగం చేస్తున్న సి.పి. బ్రౌన్ వేమన ప్రతుల కోసం వెతికాడు. 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1839 నాటికి పద్యాలు 1164 అయ్యాయి. బ్రౌన్ మిషనరీ కాదు, కంపెనీ ఉద్యోగి. అయితే కలకత్తా పాదిరి డేవిడ్ బ్రౌన్ కొడుకు. ప్రొటెస్టెంటు ఇంట పుట్టి పెరిగిన మనిషి.

ప్రొటెస్టెంట్లు మన మతాలను ఖాళీ కళ్ళతో చూడలేదు. యూరపులో రోముతో వాళ్ళకు పాత తగాదా ఉంది. ప్రతిమలు, పూజారుల పెత్తనం, జనానికి అర్థంకాని మంత్రభాష వాళ్ళకు గిట్టనివి. ఇక్కడికి వచ్చాక గుడిలో, బ్రాహ్మణుడిలో వాళ్ళకు ఆ రోమే కనిపించింది. అలాంటి కళ్ళకు వేమన మరో లూథరులా కనిపించడంలో వింత లేదు. ఆ లూథరు జాడ చెప్పినవాడు కాథలిక్ పాదిరి కావడమే తమాషా!

అక్కడినుంచి మత ప్రచారంలో వేమన సాక్షి అయ్యాడు. వకీలు అడిగినదానికి జవాబు చెప్పడమే సాక్షి పని. రాతిబొమ్మల మీది పద్యాలను అడిగారు, చెప్పాడు. కులం మీది పద్యాలను అడిగారు, చెప్పాడు. శ్వాస, చక్రాలు, రసవాదం, శివయోగం గురించిన పద్యాలను ఎవరూ అడగలేదు. బ్రౌన్ వాటిని కూడా అచ్చు వేశాడు, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కాని బడిపుస్తకాలకు ఎక్కినవి నీతి, వెక్కిరింత మాత్రమే. మనం ఆ రాత్రి మాట్లాడింది ఆ వేమననే.

అలాగని దీన్ని కుట్ర అనేస్తే అన్యాయం. కులం మీది ఆ పద్యాలు అంటరానివాడన్న మాట పడ్డ మనిషికి సాహిత్య చర్చ కాదు, బతుకు. 1878లో ఒంగోలు ప్రాంతంలో కొద్ది వారాల్లోనే వేలాదిమంది మాదిగలు బాప్తిస్మం పొందారు. వాళ్ళకు దారిచూపిన తొలి క్రైస్తవుల్లో ఎర్రగుంట్ల పేరయ్య ఒకరు. ఆయన అంతకుముందు రాజయోగ ఉపదేశం పొందినవాడు. ఈ సంగతి రాసింది కూడా ఒక ప్రొటెస్టెంటే. ఒంగోలు మిషనరీ క్లౌ భార్య ఎమ్మా రోషెన్‌బుష్ క్లౌ 1899లో తెచ్చిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’లో మాదిగల నోట విన్న యోగుల కథలను, గురువుల కథలను రాసిపెట్టింది. అదంతా క్రీస్తుకు ముందు వేసిన బాట అన్నట్టు ఆమె చూసింది, నిజమే. అయినా విన్నది. చదువుకున్నవాళ్ళు పక్కకు నెట్టిన యోగం చెప్పులు కుట్టేవాళ్ళ మధ్య సజీవంగా ఉందని ఆ పుస్తకం వల్ల తెలుస్తుంది.

తరవాతి తరం మెత్తబడింది. మన బెంగళూరులోనే లండన్ మిషన్ తరఫున చదువుకున్న హిందువుల మధ్య పనిచేసిన టి.ఇ. స్లేటర్ 1902లో, ఫర్కుహర్ 1913లో హిందూమతంలోని మంచిని ఒప్పుకున్నారు. ఆ మంచికి పూర్తి రూపం మాత్రం క్రీస్తులోనే ఉందన్నారు. తీర్పరి పోయి మార్కులు వేసే మాస్టారు వచ్చాడు, అంతే.

వేమనను సాక్షిబోను దించి మనిషిగా నిలబెట్టిన పుస్తకం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిది. 1928 నాటి ఉపన్యాసాలవి. అప్పటికి ఆయన మైసూరులో తెలుగు చెబుతున్నారు. మనలాగే తెలుగునాడుకు బయట ఉన్నవారు. యోగిని, వెక్కిరించేవాణ్ణి ఆయన విడదీయలేదు.

ఆ రాత్రి వాదంలో పెదవి విప్పనివాడు మాలో ఒకడున్నాడు. ప్రకాశం జిల్లావాడు, ఆదివారం చర్చికి వెళ్ళేవాడు. అతని ముందే దొరల గురించి, దేవుళ్ళ గురించి అందరం తీర్పులు చెప్పాం గాని అతన్ని ఒక్క మాట అడగలేదు. బస్సు దాకా నడుస్తూ అతనే చెప్పాడు, తాత కాలంలో వాళ్ళింట్లో రాత్రిళ్ళు తత్వాలు పాడేవారట. వచ్చే నెల ముందు అతన్నే మాట్లాడమని అడగాలి. తరవాత వేమనను ఏరకుండా, అర్థంకాని పద్యాలతో సహా, వరసగా చదువుదాం.